సగం మెకానిక్, అత్తగారి బండి

ఆ వీధిలో ఆయన అసలు పేరు తెలిసినవాడు పోస్టుమ్యాన్ ఒక్కడే. మిగిలినవాళ్ళందరికీ ఆయన "సగం మెకానిక్". ఏ వస్తువునైనా విప్పడం ఆయనకు వెన్నతో పెట్టిన విద్య. బిగించడం దగ్గరికొచ్చేసరికి వెన్న అయిపోయినట్టుంది.

ఆ ఇంటికి మొదటిసారి వెళ్ళినవాళ్ళు గుమ్మం దగ్గరే తెల్లబోతారు. కాలింగ్ బెల్ ఉండాల్సిన చోట గోడలోంచి రెండు తీగలు నాలుకల్లా వేలాడుతుంటాయి. తెలిసినవాళ్ళు ఆ రెంటినీ ఒకదానికొకటి తాకించి గంట మోగిస్తారు. తెలియనివాళ్ళు, బతుకు మీద ఇంకా ఆశ ఉన్నవాళ్ళు, తలుపు కొడతారు. లోపల గోడగడియారానికి ముళ్ళున్నాయి, యంత్రం లేదు. యంత్రం అలమరలో ఒక గిన్నెలో బోర్లా పడుకుని ఉంది. సీలింగ్ ఫ్యాను పైన ఉండాల్సిన మూత ఉప్పు డబ్బా మీదికి దిగింది. మిక్సీ అడుగు ఒక గదిలో, మోటారు ఇంకో గదిలో, వాటిని కలిపే మరలు ఎక్కడున్నాయో దేవుడికే ఎరుక. ఆయన భార్య మొదట్లో ఏడ్చింది, తరువాత తిట్టింది, ఆ తరువాత విడిభాగాలకి కొత్త ఉద్యోగాలివ్వడం మొదలుపెట్టింది. ఇస్త్రీపెట్టె అడుగు రేకు ఇప్పుడు కిటికీ తలుపు కొట్టుకోకుండా కాపలా కాస్తోంది. మొగుడికంటే ఇస్త్రీపెట్టె నయం, ఏదో ఒక పనికొచ్చింది అని ఆవిడ అభిప్రాయం.

నిజం చెప్పాలంటే తప్పంతా ఆయనది కాదు. మీసాలు సరిగ్గా మొలవకముందే చెప్పుల దుకాణంలో చేరాడు. పెట్టె తెరిచి, జోడు తీసి, వచ్చినవాళ్ళ కాలికి తొడిగి, "మీ పాదం చూసి కుట్టినట్టుందండీ" అనడం ఆయన పని. నచ్చని జోళ్ళని మళ్ళీ పెట్టెల్లో సర్ది, మూతలేసి, అరల్లోకి ఎక్కించడం ఇంకొకడి పని. యజమాని పెట్టిన పద్ధతి అది. రోజంతా నోళ్ళు తెరిచిన పెట్టెల మధ్య మోకాళ్ళమీద కూర్చుని బతికేవాడికి మూత పెట్టే బుద్ధి ఎక్కణ్ణుంచి వస్తుంది? ఇంటికొచ్చాక కూడా ఆయన చేతులు వెనకాల ఎవరో వచ్చి సర్దుతారన్న భరోసాతోనే పనిచేసేవి. ఎవరూ వచ్చేవాళ్ళు కాదు.

ఆ ఇంట్లో మూడో మనిషి అత్తగారు. టెలిఫోను ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా చేసి రిటైరైన మనిషి. ఊళ్ళో సగంమందిని మిగతా సగంమందితో కలిపింది కానీ, చివరికి ఆవిడ మోకాళ్ళు రెండూ ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడం మానేశాయి. నాలుగడుగులు నడిస్తే నాలుగు తిట్లు తిట్టాల్సి వచ్చేది. అందుకని సొంత పెన్షన్‌తో, కూతుర్నీ కొడుకునీ ఒక్క మాట అడక్కుండా, ముందు బుట్ట ఉన్న నల్లటి బ్యాటరీ బండి ఒకటి కొనుక్కుంది. రోజూ మధ్యాహ్నం దానిమీద వంతెన దాటి అవతలికి వెళ్ళేది. ఇంట్లో "అసోసియేషన్ పని" అని చెప్పేది. ఆ పనేమిటంటే, రిటైరైన సిబ్బంది సంఘం గదిలో పేకాట. పందెం అగ్గిపుల్లలు. ఆవిడ బుట్టలో ఎప్పుడూ ఒక ఊరు తగలబెట్టడానికి సరిపడా పుల్లలుండేవి.

ఒకరోజు ఆట ముగిశాక, తన పార్టనరైన లావుపాటి లైన్‌మన్‌ని ఇంటి దగ్గర దింపుతానని వెనక ఎక్కించుకుంది. వంతెన ఎత్తు ఎక్కుతుండగా బండి మూలిగింది. "దిగమంటావా?" అని లైన్‌మన్ అడిగాడు. "ఓడినవాళ్ళు దిగుతారు, మనం గెలిచాం," అని ఈవిడ హ్యాండిల్ పిడిని ఇంకా తిప్పింది. కాలిన రబ్బరు వాసన కొట్టి, వెనక చక్రంలో మోటారు అక్కడికక్కడే ప్రాణం వదిలింది.

చచ్చిన బండి ఇంటికొచ్చిన సాయంత్రం అత్తగారి కొడుకు కూడా వచ్చాడు. బీమా కంపెనీలో ఉద్యోగం అతనిది. మనిషి కనబడితే చాలు, వీడు ఎలా పోతాడా అని లోపల్లోపల లెక్కేసుకునే రకం. అక్కా తమ్ముడూ వంటగదిలో తలుపు దగ్గరికేసి చాలాసేపు మాట్లాడుకున్నారు. బయటికొచ్చి తమ్ముడు బావ భుజం మీద చెయ్యేశాడు.

"బావా, కొత్త మోటారు నేను తెప్పిస్తున్నా. బిగించడం మాత్రం నువ్వే. బయటివాడి చేతిలో పెట్టే పని కాదిది."

సగం మెకానిక్‌కి ఛాతీ ఉబ్బింది. అల్లుడి హోదాలో అంత మర్యాద ఆయనకి పెళ్ళినాడు కూడా దక్కలేదు. భార్య కూడా, "అవునండీ, మీరున్నారుగా," అంది. ఆ మాట విని ఆయన ఒక పూట అన్నం ఎక్కువ తిన్నాడు.

మోటారు వచ్చింది. చక్రం రేకుతో సహా ఒకటే ముక్క, గుండ్రంగా, బరువుగా, మధ్యలోంచి లావుపాటి తీగ తోకలా వేలాడుతూ. దుకాణానికి సెలవురోజు పొద్దున్నే ఆయన ముందు గదిలో పాత దుప్పటి పరిచి, బండిని నడిమి స్టాండు మీద నిలబెట్టాడు. ఇక చూడాలి ఆయన్ని! బ్యాటరీ తీసి పక్కన పెట్టాడు. సీటు ఎత్తాడు. మూడు లావు తీగలూ, సన్నతీగల గుత్తీ ఊడదీశాడు. వెనక బ్రేకు తీగ వదులు చేశాడు. ఇరుసుకి రెండువైపులా ఉన్న నట్లు ముక్కుతూ మూలుగుతూ తిప్పి, కాలిన చక్రాన్ని పళ్ళు పీకే డాక్టరులా బయటికి లాగాడు. పక్కింటివాళ్ళు కిటికీలోంచి చూశారు. మధ్యాహ్నం భోజనాలవేళకి విప్పగలిగినదల్లా విప్పేశాడు.

తరువాత చేతులు కడుక్కున్నాడు. అంతే. పాత చక్రం మీది టైరు తీసి కొత్త చక్రానికి ఎక్కించాలి. అది ఇంట్లో అయ్యే పని కాదు, షాపుకి మోసుకెళ్ళాలి. "చూద్దాంలే" అన్నాడు. ఆ మాట ఆ ఇంట్లో ఎన్ని వస్తువులకి చరమగీతమో లెక్కలేదు.

వెనక చక్రం లేని బండి ముందు గదిలో అలాగే నిలబడిపోయింది. దాని పక్కనే కుర్చీ వేసుకుని అత్తగారు కూర్చుండిపోయింది. ఇంట్లో కూర్చున్న ఆపరేటరంటే మాటలు కాదు. మోగిన ప్రతి ఫోనూ ఆవిడే ఎత్తేది. పక్కగదిలో గుసగుసలాడితే ఇక్కణ్ణుంచి జవాబు చెప్పేది. కూతురు కూర తరుగుతుంటే, "అంత పెద్ద ముక్కలా, ఎవరికి, గుర్రానికా?" అనేది. అల్లుడు గడప దాటి లోపలికి రాగానే, "ఏం అల్లుడూ, ఎంతవరకొచ్చింది?" అనేది.

"టైరు మార్చాలి అత్తయ్యా."

"మార్చు మరి."

"చూద్దాం."

"చూసింది చాలు నాయనా. చూపులకే చక్రాలు ఎక్కేటట్టయితే ఈపాటికి రైలు నడిచేది."

కొన్నాళ్ళకి ఆ మాట కూడా మానేసింది. ఒక సాయంత్రం ఆయన పనినుంచి వచ్చేసరికి ఆవిడ కుర్చీలో ఒక్కతే, ఒళ్ళో పళ్ళెం పెట్టుకుని, తనకి తానే పేకముక్కలు పంచుకుంటోంది. గెలిచిన పుల్లలు కుడివైపు, ఓడిన పుల్లలు ఎడమవైపు. రెండువైపులా తనవే. చెప్పుల మనిషి కదా, ఆయన కన్ను ఎవర్ని చూసినా ముందు కాళ్ళమీదే పడుతుంది. అత్తగారి కాళ్ళకి బయటికి వేసుకునే చెప్పులున్నాయి. పట్టీలు కూడా బిగించి ఉన్నాయి. వెళ్ళే చోటు లేకుండా పొద్దుటినుంచీ అలాగే కూర్చున్నట్టుంది.

ఆ పట్టీలు ఆయన కళ్ళలోంచి పోలేదు. మళ్ళీ సెలవురోజు రాగానే పాత చక్రాన్నీ కొత్త చక్రాన్నీ చెరొక చేత్తో మోసుకుంటూ వీధి చివర బ్యాటరీ బండ్ల షాపుకి వెళ్ళాడు. ఊళ్ళోవాళ్ళు దారి ఇచ్చారు. శవయాత్రకి ఇచ్చినట్టు కాదు, ఆశ్చర్యంతో.

షాపు అతను ఇనపకడ్డీలతో టైరు ఊడదీస్తూ, "మొత్తం నేనే బిగించి పెట్టనా సార్?" అన్నాడు.

"అక్కర్లేదు. బిగించేది నేనే."

అతను తల దించుకుని నవ్వాడు.

"ఏంటయ్యా నవ్వుతున్నావ్?"

"ఏం లేదు సార్. మీ బావమరిదిగారి మాట గుర్తొచ్చింది."

"ఏమన్నాడు?"

"మోటారు నా దగ్గరే కదా తెప్పించారు. గంటలో బిగించేస్తానన్నా. వద్దొద్దు, మా బావకిద్దాం అన్నారు. ఆయన పని పూర్తవుతుందా సార్ అన్నా. పూర్తవదనే కదయ్యా ఆయనకిచ్చేది, బావ ఒకసారి విప్పాడంటే మా అమ్మ ఈ జన్మలో బండెక్కదు, మేం వద్దన్నామన్న మాటా రాదు అని..." అతను తలెత్తి ఎదురుగా ఉన్న మొహం చూశాడు. "సరదాకన్నార్లెండి సార్."

"మా ఆవిడ కూడా ఉందా అప్పుడు?"

షాపు అతనికి ఉన్నట్టుండి టైరు మీద ఎక్కడలేని శ్రద్ధ పుట్టుకొచ్చింది. "గాలి ఎంత పెట్టమంటారు?" అన్నాడు.

ఆ తరువాత అతను ఇంకా ఏదో చెప్పాడు. కొత్త మోటారు కదా, రంగుకి రంగు కలిపినా ఒక్కోసారి చక్రం వెనక్కి తిరుగుతుంది, తెల్లతీగలు రెండుంటాయి, అవి కలిపి... ఇలా. సగం మెకానిక్ చెవుల్లో అప్పటికే కొలిమి మండుతోంది. తెల్లతీగల దాకా విన్నాడు. మిగతాది గాలికి పోయింది.

ఇంటికొచ్చేదారిలో ఆయనకి కోపం ఎందుకొచ్చిందో ఆయనకే తేల్చుకోవడం కష్టమైంది. చేతగానివాడన్నారని కాదు. ఆ మాట ఊరందరూ అనేదే, దానికి ఆయన తోలు ఎప్పుడో మొద్దుబారింది. ఆయన చేతగానితనం మీద అంత నమ్మకంగా, బండమీద ఇల్లు కట్టినట్టు, ఒక ఎత్తు వేశారే! పైగా "మీరున్నారుగా" అని అన్నం వడ్డించారే! అన్నిటికంటే ఒళ్ళు మండే సంగతి ఏమిటంటే, ఆ ఎత్తు పారింది. ఆ చెప్పుల పట్టీలే కంటపడకపోతే ఆ బండి అలాగే తుప్పుపట్టి ఉండేది.

భార్య వంటగదిలో ఉంది. టైరు తొడిగిన కొత్త చక్రం చూడగానే ఆవిడ చేతిలో కత్తి ఆగింది.

"నన్ను నమ్మే కదా ఈ పని ఇచ్చారు?" అన్నాడు.

"నమ్మకపోతే ఇస్తామా?"

"ఏమని నమ్మారు?"

ఆవిడకి అర్థమైంది. బుకాయించలేదు. "మోటారు కాలకముందు అమ్మ పాలబూతు మలుపులో పడింది. మోచెయ్యి గీరుకుపోతే, ఎండల్లో స్వెట్టరు వేసుకు తిరిగి దాచింది. ఆ స్వెట్టరు విప్పి మందు రాసింది నేను. ఈసారి నడుం విరిగితే మంచం పక్కన కూర్చునేది తమ్ముడూ కాదు, మీరూ కాదు. వద్దంటే వినే మనిషా ఆవిడ? మరి నన్నేం చెయ్యమంటారు?"

"అందుకని నన్ను తాళంలా వాడుకున్నారు."

"తాళం సంగతి మీరు మాట్లాడకండి. ఇంట్లో ఒక్కటి మిగిల్చారా?"

మాటకి మాట రానివాడు పనిలో పడతాడు. ముందు గదిలోకి వెళ్ళి దుప్పటి మీద కూర్చున్నాడు.

విప్పేటప్పుడు చెయ్యి దానంతటదే పరిగెడుతుంది. బిగించేటప్పుడు ప్రతి ముక్కనీ అడగాలి: నువ్వెవరు, ఎవరి తరువాత వస్తావు? ఆయన జీవితంలో మొదటిసారి అడిగాడు. కొక్కెం ఉన్న వాషరు దేనికో తెలియక చాలాసేపు చేతిలో తిప్పి చూశాడు. చివరికి బండి చీలికలో దాని ముక్కు కూర్చుంటుందని, ఇరుసు తిరిగిపోకుండా పట్టుకునేది అదేనని తెలిసి, తెలివైనవాణ్ణి చూసినట్టు దాన్ని గౌరవంగా చూశాడు. అత్తగారు కుర్చీలోంచి టార్చిలైటు పట్టింది. ఒక్కసారి కూడా నోరు మెదపలేదు. ఆవిడ నోరు మెదపకపోవడం చూసి ఆయనకి భయం కూడా వేసింది.

నట్లు బిగిస్తుండగా బావమరిది భోజనానికి వచ్చాడు. గుమ్మంలోనే ఆగిపోయి, అక్క వైపు చూసి, ఆవిడ చూపు తప్పించుకోవడం చూసి, నవ్వు తెచ్చుకున్నాడు.

"ఓహో, బావా! కానిచ్చేస్తున్నావే."

"నువ్విచ్చిన పని కదా. బయటివాడి చేతిలో పెట్టేది కాదన్నావ్."

పసుపుకి పసుపు, ఆకుపచ్చకి ఆకుపచ్చ, నీలానికి నీలం కలిపాడు. గుత్తి గుచ్చాడు. బ్యాటరీ పెట్టి తాళం తిప్పి, హ్యాండిల్ మీది పిడిని మెల్లగా తిప్పాడు. చక్రం ఒకసారి వణికింది. తరువాత జోరుగా, హాయిగా, వెనక్కి తిరగడం మొదలుపెట్టింది.

బావమరిది పొట్ట పట్టుకున్నాడు. "భలే ఉంది బావా! ఇదైతే అమ్మ నిక్షేపంగా ఎక్కొచ్చు. ఎంత తిప్పినా వెనక్కి వంటింట్లోకే పోతుంది."

భార్య నవ్వలేదు. గట్టిగా ఊపిరి వదిలింది. ఆ ఊపిరిలో ఉన్న నిశ్చింత ఆయనకి బావమరిది నవ్వుకంటే ఎక్కువ గుచ్చుకుంది.

"పోన్లెండి," అంది. "మీ ప్రయత్నం మీరు చేశారు. లేచి అన్నం తినండి."

లేచి చేతులు కడుక్కోవడం ఎంత తేలికో ఆయనకి తెలిసినట్టు ఎవరికీ తెలియదు. సగం లేచాడు కూడా. అంతలో సీటు కింద మోటారుని నడిపించే కంట్రోలరు పెట్టె పక్కనుంచి, దేనికీ తగలకుండా, బయటికి వేలాడుతున్న రెండు తెల్లతీగలు కనబడ్డాయి. షాపు అతని మాట సగం గుర్తొచ్చింది. మళ్ళీ కూలబడి ఆ రెంటినీ కలిపి గుచ్చాడు.

చక్రం దానంతటదే తిరగడం మొదలుపెట్టింది. పిడి ఎవరూ ముట్టుకోలేదు. బావమరిది ఎగిరి సోఫా ఎక్కాడు. చక్రం మాత్రం ఇంకా వెనక్కే.

"ఆపండి, దయ్యం పట్టింది దానికి!" అంది భార్య.

కలపమన్నాడు, కలిపాను, తరువాత ఏమన్నాడు? ఎంత తవ్వినా ఆయనకి తట్టలేదు. చక్రం గిర్రున తిరుగుతూనే ఉంది. అప్పుడు అత్తగారు టార్చి ఆర్పింది.

"కలిపి అలా వదిలేస్తావేం నాయనా? ఎక్స్ఛేంజిలో అయితే ఉద్యోగం పోయేది. లైను తప్పు కలిస్తే పీకి మళ్ళీ గుచ్చాలి. మాట కుదిరాక పీకెయ్యాలి. లేకపోతే వాళ్ళు ముసలివాళ్ళయ్యేదాకా హలో హలో అంటూనే ఉంటారు."

ఆవిడకి మోటారు గురించి ఏమీ తెలియదు. తెలిసిందల్లా గుచ్చడం, పీకడం. ఆయన తెల్లతీగలు పీకాడు. చక్రం ఆగింది. మళ్ళీ గుచ్చాడు. ఒక్క క్షణం ఆలోచించుకున్నట్టు ఆగి, చక్రం ముందుకి తిరిగింది.

ఆయన తీగలు మళ్ళీ పీకాడు. విప్పడం మీద అంత ప్రేమ ఆయనకి ఎప్పుడూ కలగలేదు. పిడి తిప్పితే ముందుకి, వదిలితే ఆగింది. బ్రేకు సరిచేశాడు. నట్లు మళ్ళీ బిగించాడు, బిగించినవాటినే ఇంకోసారి బిగించాడు. సీటు దించి, నాలుగు మరలూ వేసి, మూత పెట్టాడు. మూత కూర్చున్న చప్పుడు ఆ ఇంట్లో కొత్తది.

"అమ్మా, అన్నం తిని..." అన్నాడు కొడుకు.

"అన్నం ఎక్కడికీ పోదు," అంది అత్తగారు. చెప్పులు ఎలాగూ కాళ్ళకే ఉన్నాయి. అల్లుడు బండిని వీధిలోకి దించాడు. ఆవిడ ఎక్కి, అగ్గిపుల్లల పెట్టె బుట్టలో పడేసి, ఎవరి వైపూ చూడకుండా వంతెన వైపు వెళ్ళిపోయింది.

ఆయన దుప్పటి మడవడానికి లోపలికొచ్చాడు. అదీ కొత్తే. మడత పెట్టబోతుంటే దుప్పటి మధ్యలోంచి ఒక వాషరు దొర్లి నేలమీద గింగిరాలు తిరిగింది.

ఆయన పని చేసిన ప్రతిచోటా ఏదో ఒకటి మిగులుతుంది. ఊరందరికీ తెలిసిన జోకు అది. ఇప్పుడు ఆ జోకు అరచేతిలో చల్లగా కూర్చుంది. ఎక్కడిది? ఇరుసుదా? బ్రేకుదా? పాలబూతు మలుపు, స్వెట్టరు, విరిగిన నడుం, మంచం పక్కన కూర్చున్న భార్య, అన్నీ వరసగా కనబడ్డాయి. వాషరు గుప్పిట్లో పట్టుకుని, కాళ్ళకి చెప్పుల్లేకుండా, చెప్పుల దుకాణం మనిషి వీధిలో పరుగందుకున్నాడు.

"అత్తయ్యా! ఆగండి! ఆపండి బండి!"

పాలబూతు మలుపు దగ్గర ఆవిడ ఆపింది. చక్కగా, ఏ పక్కకీ ఒరగకుండా.

ఆయన రొప్పుతూ చెయ్యి చాపాడు. ఆవిడ కళ్ళజోడు సర్దుకుని చూసింది.

"ఇదా? ఇది మిక్సీది. పోయినేడు నువ్వు విప్పిందే. పొద్దున కూర్చున్నచోటునుంచే చీపురు ఆడిస్తే అలమర కింద దొరికింది. ఎలాగూ బిగించే ఊపులో ఉన్నావు కదా, కంట పడుతుందని దుప్పటి మీద పెట్టా."

ఆయన రోడ్డు పక్కన అరుగు మీద కూలబడ్డాడు.

"బ్రేకు బాగానే పట్టింది," అంది ఆవిడ. "కాళ్ళకేమన్నా వేసుకో, గాజుపెంకులుంటాయి." బండి వంతెన ఎత్తు ఎక్కింది. ఈసారి మూలగలేదు.

ఆయన తిరిగొచ్చేసరికి భార్య గేటు పట్టుకుని నిలబడి ఉంది.

"పడిందా?"

"లేదు."

"ఇవాళ పడలేదు. రేపు పడితే?"

"బిగించింది నేను. పడితే వచ్చి నన్నడుగు. మంచం పక్కన కూర్చునేదీ నేనే."

ఆవిడ ఆయన్ని పైనుంచి కిందికి చూసింది. ఆ మాట కూడా సగంలో వదిలేస్తాడా అని కొలుస్తున్నట్టు చూసింది. కొలత తేలలేదు. వంతెన వైపు ఒకసారి చూసి, "ఎప్పుడొస్తానంది?" అంది.

"చెప్పలేదు."

"చెప్పదు. అదే ఆవిడతో వచ్చిన చిక్కు." గేటు వెయ్యకుండానే లోపలికి నడిచింది. రెండడుగులేసి ఆగి, "ఆ చేతిలోదేమిటి?" అంది.

"మిక్సీ వాషరు. దాని మోటారు ఎక్కడ పెట్టావ్?"

"మీ బావమరిది కూర్చున్న సోఫాకి కాలు విరిగిందిగా. దానికింద అదే ఉంది," అంది ఆవిడ. "వాణ్ణి ముందు లేవనివ్వండి."